తెల్లబట్టకి గర్భసంచి తీయించుకోవాలా?

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, చిన్నవాడు పుట్టగానే పిల్లల ఆపరేషన్ చేయించుకున్నాను. ఏడాదిగా తెల్లబట్ట, నడుం నొప్పి. ప్రైవేటులో చూపిస్తే స్కానింగ్ తీసి, లోపల కూడా చూసి, గర్భసంచి వాచింది, మూతి దగ్గర పుండు పడింది, ఎలాగూ ఇక పిల్లలు వద్దు కదా తీయించేసుకో, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది అన్నారు. మా అక్కకీ తోటికోడలికీ తీసేశారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ఆపరేషన్‌కి తేదీ ఇచ్చి ఉంటే ముందు దాన్ని ఆపండమ్మా. మీరు రాసినవాటిలో గర్భసంచి తీయాల్సిన కారణం ఒక్కటీ లేదు. మీ అక్కకీ తోటికోడలికీ తీసేశారంటే నాకేం ఆశ్చర్యం లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. మన ఆడవాళ్ల గర్భసంచులకే ప్రత్యేకంగా ఏదో జబ్బుందని నేను నమ్మను.

మూతి దగ్గర పుండు అంటున్నది చాలాసార్లు పుండే కాదు. గర్భసంచి మూతి లోపల ఉండే మెత్తటి ఎర్రటి పొర కొంచెం బయటికి వచ్చి కనిపిస్తుంది, వయసులో ఉన్నవాళ్లలో, హార్మోన్ మాత్రలు వాడేవాళ్లలో ఇది మామూలే. అది క్యాన్సర్‌గా మారదు. ఇక గర్భసంచి వాచిందనడం, రిపోర్టులో బల్కీ యుటెరస్ అని రాసి ఉంటారు చూడండి, పిల్లల్ని కన్నవాళ్లకి గర్భసంచి కాస్త పెద్దగా ఉండటం సహజం. నెలసరిలో విపరీతంగా రక్తం పోవడం, భరించలేని నొప్పి లాంటివి లేనప్పుడు ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆపరేషన్ దాకా వెళ్లకూడదు.

క్యాన్సర్ భయం ఉంటే, గర్భసంచి మూతి దగ్గరి కణాలు తీసి చూసే పాప్ స్మియర్‌ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ చేయించుకోండి, అడిగితే చేస్తారు. గర్భసంచి మూతి క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది, అదీ ఏళ్ల తరబడి లోపల ఉండిపోయాక. అందుకే ముందుగా పట్టుకోవడానికి చాలా టైం ఉంటుంది. కాకపోతే సంభోగం తర్వాత రక్తం కనపడినా, ముట్లాగిపోయాక మళ్లీ కనపడినా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దు.

తెల్లబట్ట సంగతి. నెల మధ్యలో గుడ్డులో తెల్లసొనలా సాగేది, నెలసరికి ముందు కాస్త ఎక్కువయ్యేది జబ్బు కాదు, అందరికీ ఉండేదే. పెరుగు విరిగినట్టు ఉండి దురద పెడితే ఫంగస్. పలచగా బూడిద రంగులో చేపల వాసన వస్తే బాక్టీరియా. పచ్చగా నురగగా ఉంటే మీవారికి కూడా మందు వేయించాలి, లేకపోతే మీకు తగ్గినా మళ్లీ వస్తుంది. వీటికి మాత్రలున్నాయి, చాలామందికి వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. వాసన వస్తోందని లోపల సబ్బుతో, డెట్టాల్‌తో కడుగుతారు చాలామంది, దయచేసి ఆ పని చేయకండి, అక్కడ మనకి కాపలా కాసే మంచి బాక్టీరియా చచ్చిపోయి ఇన్‌ఫెక్షన్ ఇంకా ముదురుతుంది. బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు.

తెల్లబట్ట పోతే ఎముకలు కరుగుతాయని, నడుం నొప్పి అందుకేనని అంటారు, అది నిజం కాదు. ముందు హిమోగ్లోబిన్, విటమిన్ డి చూపించుకోండి. రోజంతా వంగి చేసే పనులుంటే అవీ కారణమే.

పిల్లలు వద్దు కదా అన్న మాట నాకు చాలా కోపం తెప్పిస్తుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే 34 ఏళ్లకే ముట్లాగిపోయినట్టవుతుంది, ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు. అండాశయాలు ఉంచినా కొంతమందిలో అవి ముందే పని మానేస్తాయి. క్యాన్సర్ ఉన్నా, ఏ మందుకీ ఆగని రక్తస్రావం ఉన్నా, గర్భసంచి బాగా కిందికి జారిపోయినా తీయాల్సి రావచ్చు, అప్పుడు నేనే తీయించుకోమంటాను. మీరు మాత్రం రిపోర్టులన్నీ పట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో గైనకాలజిస్టుని మరోసారి కలవండి.

ప్రశ్న: పెళ్లయి మూడేళ్లు, పిల్లలు లేరు. నాకు అన్ని పరీక్షలూ చేశారు, నార్మల్. మావారు మాత్రం టెస్టుకి రానంటున్నారు, మా అత్తగారు కూడా మగాడికి టెస్టేంటి అంటున్నారు.
– హైదరాబాద్

జవాబు: పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు నుంచి కూడా కారణం ఉంటుందమ్మా, అన్నిటికంటే ముందు చేయాల్సింది ఆ వీర్యపరీక్షే. సూదులు, మత్తు ఏమీ ఉండవు, రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే సరిపోతుంది. మగతనానికీ దీనికీ సంబంధం లేదని మీవారికి చెప్పండి, కాపురం బాగానే ఉన్నా కణాలు తక్కువుండొచ్చు. ఒకసారి తక్కువొస్తే కంగారుపడకుండా కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నారేమో తప్పకుండా అడగండి, అవి వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి. సిగరెట్, గుట్కా, మందు మానేసినా ఫలితం కనపడటానికి సుమారు మూడు నెలలు పడుతుంది, ఒక కణం తయారవ్వడానికి రెండు నెలల పైనే కావాలి. అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించండి.

ప్రశ్న: మా పాప పెద్దమనిషి అయి ఏడాది. రెండు నెలలకోసారి వస్తోంది. మందులు వేయాలా?
– ఖమ్మం

జవాబు: మొదటి ఒకటి రెండేళ్లు అలా అటూ ఇటూ అవ్వడం మామూలే, మందులు వద్దు. మూడు నెలలు దాటినా రాకపోయినా, వచ్చినప్పుడు వారం దాటి పోతున్నా, గంటకో ప్యాడ్ తడుస్తున్నా చూపించండి. పాపకి 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఉంటే హెచ్‌పీవీ టీకా గురించి కూడా డాక్టర్‌ని అడగండి, పైన రాసిన ఆ క్యాన్సర్ రాకుండా వేసే టీకా అదే.