బిడ్డ చేతికి అందే టిఫిన్

ప్రశ్న: మా బాబుకు పది నెలలు. నేను నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తాను. ఉదయం ఎనిమిదికల్లా బాబును ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉన్న డేకేర్‌లో వదిలి డ్యూటీకి వెళ్లాలి. ఇంట్లో అంత పొద్దున్నే ఏమీ తినడు. తొమ్మిదింటికి అక్కడ టిఫిన్ పెడతారు. ఆయమ్మ ఒక్కతే అందరికీ చెంచాతో తినిపించలేదు కాబట్టి, చేత్తో పట్టుకుని తినేవి పంపమంటున్నారు. ఇప్పటివరకు బిస్కెట్లు, సీసాలో ఆవుపాలు పంపుతున్నాను. ఈ మధ్య బరువు అంతగా పెరగడం లేదు. ఏం పంపాలి?
– ఒక తల్లి, కోవూరు

జవాబు: అమ్మా, ముందు బరువు సంగతి చెబుతాను. మామూలుగా పుట్టినప్పటి బరువు ఐదో నెలకు రెట్టింపు అవుతుంది, ఏడాది నిండేసరికి దాదాపు మూడు రెట్లు అవుతుంది. అంటే రెండో ఆరు నెలల్లో పెరుగుదల వేగం తగ్గడం సహజమే. మీ దగ్గరున్న తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో నెలనెలా బరువు గుర్తు పెట్టే పట్టిక ఉంటుంది. గీత పైకి పోతున్నంత కాలం దిగులు పడకండి. వరుసగా రెండు నెలలు అడ్డంగా సాగినా, కిందికి దిగినా పిల్లల డాక్టరుకు చూపించండి.

బిస్కెట్లు మాత్రం ఈ రోజే మానేయండి. పిల్లల వార్డులో డైటీషియన్‌గా పనిచేసినన్నాళ్లూ, రక్తం తక్కువగా ఉన్న పిల్లల తల్లులను పొద్దున ఏం పెడుతున్నారని అడిగితే ఎక్కువగా విన్న జవాబు పాలు, బిస్కెట్లు. మైదా, పంచదార, నూనెతో కడుపు నిండుతుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము ఆరు నెలలు దాటేసరికి తరిగిపోతుంది. ఆ లోటు ఆవుపాలతో తీరదు, వాటిలో ఇనుము బహు తక్కువ. పైగా సీసాడు పాలు తాగిన పిల్లవాడికి ఇక ఆకలెక్కడిది? ఏడాది నిండేవరకు ఆవుపాలు ముఖ్యమైన పానీయంగా ఉండకూడదు.

మరి పాలు? మీరు అదే ఆవరణలో ఉన్నారు, అది మీ బిడ్డ అదృష్టం. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణతో వచ్చిన నియమం ప్రకారం, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మొహమాటపడకుండా అడగండి. టిఫిన్ వేళకు వెళ్లి పాలిచ్చి రండి. ఒక్క జాగ్రత్త: రొయ్యలు ముట్టిన చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, పైన వేసుకున్న కోటు విప్పి బిడ్డను ఎత్తుకోండి.

ఇక డబ్బాలోకి. కొత్త వంటలు నేర్చుకునే పని లేదు, మీ ఇంట్లో రుబ్బే ఇడ్లీ పిండే చాలు. పిండిలో ఉప్పు కలపకముందే బిడ్డ కోసం ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టండి. మన ఎండలకు ఉప్పు లేకపోయినా బాగానే పులుస్తుంది. ఏడాదిలోపు పిల్లలకు ఉప్పు, రెండేళ్లలోపు పంచదార, బెల్లం అక్కర్లేదు. రవ్వ ఎక్కువైన ఇడ్లీ చల్లారితే పొడిపొడిగా రాలుతుంది, చిన్న చేతిలో నిలవదు. మినప్పప్పు కాస్త ఎక్కువ వేసి చేసి, ఇడ్లీని మీ చూపుడు వేలంత పొడుగు ముక్కలుగా కోసి, పెనం మీద కొద్దిగా నెయ్యితో అటూ ఇటూ తిప్పండి. పైన పల్చని పొర కట్టి చేతికి అంటుకోదు, లోపల మెత్తగా ఉంటుంది. ఒట్టి ఇడ్లీ నోట్లో ముద్ద కట్టి అంగిలికి అతుక్కుంటుంది కాబట్టి ఆ నెయ్యి రుచికి మాత్రమే కాదు.

ఇనుము కావాలంటే నా ఓటు పెసరట్టుకు. పెసలు నానబెట్టి రుబ్బి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ లేకుండా, హోటల్‌లోలా కరకరలాడనీయకుండా కాస్త మందంగా పోయండి. ఎర్రగా కాలిన అంచులు కత్తిరించేయండి. పోసే ముందు పిండిలో గూడూరు నిమ్మకాయ ఒక చెక్క పిండండి. నిమ్మలోని సి విటమిన్ పప్పుల్లోని ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. వేడికి కొంత పోయినా కొంత మిగులుతుంది. టీ మాత్రం ఒక్క చెంచా కూడా పట్టించవద్దు, అది ఇనుమును పట్టనీయదు. వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే ఐరన్ సిరప్ వేయిస్తున్నారా? లేకపోతే అడిగి తీసుకోండి.

పులిబొంగరాలు కూడా మంచివే. తురిమిన క్యారెట్, మెత్తగా ఉడికించిన పప్పు కలిపి పోయవచ్చు. అయితే గుండ్రంగా ఉన్నదాన్ని అలాగే ఇవ్వకండి, నాలుగు ముక్కలు చేయండి. ఆవిరి మీద ఉడికించిన చిలగడదుంప, తీపి గుమ్మడి ముక్కలు ఏ రోజైనా సరే. బాగా పండిన బొప్పాయి చేతిలోంచి జారిపోతుంది. ముక్కలను మెత్తటి పుట్నాల పప్పు పొడిలో దొర్లిస్తే పట్టు దొరుకుతుంది, పప్పూ కడుపులోకి వెళుతుంది. గుడ్డు పూర్తిగా ఉడికిన అట్టుగా వేసి పట్టీలుగా కోయండి. గుడ్డు, వేరుసెనగ ఆలస్యంగా మొదలుపెడితే అలర్జీ రాదన్న పాత మాటను వైద్యులు ఎప్పుడో వదిలేశారు. కానీ ఏ కొత్త పదార్థమైనా మొదట సెలవు రోజున ఇంట్లో, మీ కళ్ల ముందు కొద్దిగా పెట్టి చూడండి. వేరుసెనగ మెత్తటి ముద్దగా, దేనిలోనైనా పల్చగా కలిపి మాత్రమే ఇవ్వాలి, గింజగా ఐదేళ్లలోపు వద్దు.

ముక్క ఇవ్వదగినదో కాదో తెలియాలంటే బొటనవేలు, చూపుడు వేలు మధ్య పెట్టి నొక్కండి. తేలిగ్గా చితికిపోతే పంపండి. చితకకపోతే ఇంకా ఉడకాలి. పచ్చి క్యారెట్, ఆపిల్ ముక్కలు, కోయని ద్రాక్ష, బొరుగులు, చేగోడీలు డేకేర్ దరిదాపుల్లోకి రానీయకండి. వేసవిలో ముచ్చటపడి ముంజలు పెడతారు చాలామంది. అవి మెత్తనివే, కానీ గుటుక్కున జారి గొంతుకు అడ్డం పడతాయి. తప్పనిసరిగా ఇవ్వాలనుకుంటే నలిపి ఇవ్వండి. తేనె ఏడాది నిండేవరకు నాలుకకు రాయడం కూడా వద్దు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బుకు కారణమయ్యే సూక్ష్మజీవి బీజాలు తేనెలో ఉండవచ్చు.

మీరు ఏడింటికి వండితే తొమ్మిదికి తినేసరికి రెండు గంటలు. వండినది బయట ఉంచడానికి అదే హద్దు. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి ఉంచకూడదు. మన జిల్లాలో మార్చి నుంచే ఆ వేడి మొదలవుతుంది కాబట్టి డేకేర్‌లో ఫ్రిజ్ ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఆ వేడి తగ్గేవరకు వండినవి ఇంట్లోనే పెట్టి, డబ్బాలో తొక్క తీయని అరటిపండు పంపండి. అది పాడవదు. ఆయమ్మ తినే వేళకు పైసగం తొక్క ఒలిచి, కింది సగం అలాగే ఉంచి చేతికిస్తే బాబు దాన్నే పిడిలా పట్టుకుని కొరుక్కుంటాడు.

ఆయమ్మతో నెమ్మదిగా, గౌరవంగా మాట్లాడండి. కూర్చోబెట్టే పెట్టాలి, పడుకున్నప్పుడు, పాకుతున్నప్పుడు నోట్లో ఏమీ ఉండకూడదు, తింటున్నంతసేపు ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి డబ్బా మూతకు అంటించండి. బాబు సగం నేల మీద పారేస్తాడు. అది నేర్చుకోవడంలో భాగమని ఆమెకూ చెప్పండి, కసురుకోకుండా ఉంటుంది.

ప్రశ్న: ఒంగోలులో ఉద్యోగం చేసే మా కోడలు ఎనిమిది నెలల మనవరాలిని డేకేర్‌లో వేసింది. వాళ్లు ముక్కలు పంపమంటున్నారు. పాపకు ఒక్క పన్నూ రాలేదు. రాగిజావ బెల్లం వేసి పంపితే చాలదా?
– ఒక నాయనమ్మ, పొదిలి

జవాబు: అమ్మగారూ, నమిలే దవడ పళ్లు ఏడాది దాటాక గానీ రావు. అంతవరకు ఏ బిడ్డయినా చిగుళ్లతోనే నలుపుకుంటుంది, ఆ చిగుళ్లు మీరనుకున్నదానికంటే గట్టివి. మెత్తటి ముక్క వాటికి చాలు. మునివేళ్లతో చిన్న ముక్క ఏరుకోవడం తొమ్మిదో నెల ప్రాంతంలో వస్తుంది. పాప ఇప్పుడు గుప్పిటతో పట్టుకుంటుంది కనుక, గుప్పిట దాటి పైకి కనిపించేంత పొడుగు ముక్క కావాలి.

రాగులు వదలకండి. రాగుల్లో నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పల్చటి జావలో మాత్రం నీళ్లే ఎక్కువ, చిన్న పొట్ట నీళ్లతో నిండిపోతుంది. సంగటి ముద్ద గొంతుకు అతుక్కుంటుంది. మొలకెత్తించి ఎండబెట్టి ఆడించిన రాగి పిండిలో బాగా మగ్గిన అరటిపండు చిదిమి, నీళ్లతో గరిటె జారుగా కలిపి, చిన్న మంట మీద మూత పెట్టి మెత్తటి అట్లు పోయండి. పండు తీపి ఉంది కాబట్టి బెల్లం అవసరం పడదు. పట్టీలుగా కోసి పంపండి.

ప్రశ్న: మా పాప (9 నెలలు) ముక్క నోట్లో పెట్టుకోగానే ఓకరిస్తోంది. గొంతుకు అడ్డం పడుతుందేమోనని భయంగా ఉంది.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ఓకరింపులో చప్పుడు ఉంటుంది, ముఖం ఎర్రబడుతుంది, దగ్గు వస్తుంది, ముక్క బయటికి వచ్చేస్తుంది. అది శరీరం తనను తాను కాపాడుకోవడం. అప్పుడు వేలు పెట్టి లాగకండి, ముక్క ఇంకా లోపలికి పోతుంది. చప్పుడు లేకపోవడమే ప్రమాదం: ఏడవలేదు, దగ్గలేదు, పెదవులు నీలబడతాయి. వెంటనే బిడ్డను బోర్లా మీ ముంజేతి మీద, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో (మణికట్టు దగ్గరి గట్టి భాగంతో) ఐదుసార్లు గట్టిగా తట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద, చనుమొనల గీతకు కొంచెం కింద, రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కండి. ముక్క వచ్చేవరకు మార్చి మార్చి చేస్తూ, పక్కవారితో 108కి ఫోను చేయించండి. ఇది ఏడాదిలోపు పిల్లలకు చేసే పద్ధతి. డేకేర్‌లో ఇది చేతులతో చేసి నేర్చుకున్నవారు ఉన్నారా అని రేపే అడగండి. లేకపోతే, ఎవరైనా నేర్చుకునేవరకు పాప టిఫిన్ ఇంట్లోనే పెట్టి పంపండి.