పదేళ్లు దాటిన ఇన్నోవాకు అంత ధర పెట్టి ఎందుకు కొంటారు?

ఏడెనిమిది లక్షలు చేతిలో ఉన్నవాళ్లు కొత్త చిన్న కారు తెచ్చుకోకుండా, ఎవరో పదేళ్లు తిప్పిన ఇన్నోవా వెంట ఎందుకు పడతారని అడిగారు. కొన్నాక దాన్ని అంతగా ఎందుకు మెచ్చుకుంటారని కూడా అడిగారు. నేను ఆరేళ్లు తిరిగినదాన్ని కొన్నాను, పదేళ్లు దాటాక ఇప్పటికీ దాన్నే నడుపుతున్నాను. నా అనుభవం చెబుతాను. ఇక్కడ పాత ఇన్నోవా అంటే టయోటా వాళ్లు 2005 నుంచి, 2016లో తర్వాతి తరం ఇన్నోవా క్రిస్టా వచ్చేదాకా అమ్మిన మొదటి తరం డీజిల్ బండి.

మాది మార్కాపురం దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాదులో. అమ్మ, నాన్న, మా అత్తగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు కలిసి ఇంట్లో ఏడుగురం. 2019 వరకు మాకు ఒక చిన్న కారు ఉండేది. పండక్కి ఊరు వెళ్లాలంటే నలుగురు కారులో, ముగ్గురు బస్సులో. పిల్లలకు బస్సు పడదు కాబట్టి బస్సెక్కేది ఎప్పుడూ పెద్దవాళ్లే. కారు ముందు చేరేది. మేము ఇల్లు ఊడ్చి, పొయ్యి వెలిగించి కూర్చున్న తర్వాత ఎప్పటికో నాన్న బస్టాండు నుంచి ఫోను చేసేవారు. ఆ ఏడు సంక్రాంతికి బస్సులో చోటు దొరకక మా అమ్మ రెండు గంటలు నిలబడి వచ్చింది. అప్పటికే ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఇంటికి వచ్చాక ఒక్క మాట కూడా అనలేదు, వేడినీళ్ల బకెట్టులో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఆ రాత్రే నేను, నా భార్య పెద్ద బండి కొనాలని అనుకున్నాం.

కొత్త ఏడు సీట్ల బండ్లు మా డబ్బుకు అందలేదు. అందినవాటిలో చివరి వరుస పిల్లలకే సరిపోయేలా ఉంది. నాలుగు నెలలు వెతికి, 2013 మోడల్, ఎనిమిది సీట్ల జీఎక్స్ రకం బండి ఒకటి 7,40,000 రూపాయలకు తీసుకున్నాను. అప్పటికి 1,28,000 కిలోమీటర్లు తిరిగింది. యజమాని ఒక్కరే, రిటైరైన పెద్దాయన. ఇప్పుడు మీటరు 2,36,000 దాటింది.

ఇన్నోవా గురించి మాట్లాడేవాళ్లు ముందు ఇంజిన్ గురించి మొదలుపెడతారు. నేను సీటు ఎత్తుతో మొదలుపెడతాను. మోకాళ్లు అరిగినవాళ్లకు మామూలు కారు సీటు బాగా కిందకు ఉంటుంది. కూర్చోవడం సులభమే, లేవడమే నరకం. పెద్ద ఎస్‌యూవీ అయితే మెట్టెక్కి, చేయి పట్టి లాగితే తప్ప ఎక్కలేరు. ఇన్నోవా మధ్య వరుస సీటు సరిగ్గా మా అమ్మ నడుము ఎత్తులో ఉంటుంది. ఆమె ఎక్కే తీరు చూడండి: తలుపు తెరిచి వీపు బండి వైపు తిప్పుతుంది, మంచం మీద కూర్చున్నట్టు సీటు అంచున కూర్చుంటుంది, ఒక చేత్తో ముందు సీటు పట్టుకుని రెండు కాళ్లూ కలిపి లోపలికి తీసుకుంటుంది. ఎవరి సాయమూ అక్కర్లేదు. దిగేటప్పుడు కాళ్లు ముందు నేల మీద ఆనించి లేచి నిలబడుతుంది. ఆ ఒక్క సంగతి కోసం ఈ బండికి ఇంకో లక్ష ఎక్కువ ఇమ్మన్నా ఇచ్చేవాణ్ని.

మా అత్తగారికి నచ్చింది వేరు. ఇందులో వెనక వాళ్లకు ఏసీ గాలి పైకప్పు నుంచి వస్తుంది, దాని మీట కూడా వెనకే ఉంటుంది. ముందు కూర్చున్నవాళ్లను అడగకుండా తనకు కావలసినంత తగ్గించుకుంటారు, పెంచుకుంటారు. ఆవిడ అల్లుడి ఇంట్లో ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. ఎండాకాలం ప్రయాణంలో ఆ చిన్న మీట ఎంత మర్యాద కాపాడుతుందో నేను చూశాను.

ఇక ఇంజిన్. 2,494 సీసీ డీజిల్, నాలుగు సిలిండర్లు, 102 గుర్రపు శక్తి. అంత పెద్ద ఇంజిన్ నుంచి ఇంతకంటే ఎక్కువ శక్తి పిండేవాళ్లు ఉన్నారు. ఇందులో పిండలేదు కాబట్టే అది ఒత్తిడి లేకుండా పనిచేస్తుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. కింద నిచ్చెనలాంటి ఉక్కు చట్రం, వెనక చక్రాలకు శక్తి. టయోటా వాళ్ల హైలక్స్, ఫార్చ్యూనర్ కూడా ఇదే వంశానివి. ఏడుగురు ఎక్కి, సామాను నింపి నల్లమల ఘాట్ ఎక్కుతుంటే మా పాత చిన్న కారులా రొప్పదు. మూడో గేరులో నింపాదిగా లాక్కుపోతుంది. పందెం బండి కాదు, ఓవర్‌టేక్ చేయాలంటే ముందే లెక్క వేసుకోవాలి. నాకు అది లోపంగా తోచదు. వెనక సీట్లో అమ్మానాన్నలు ఉన్నప్పుడు నేను నడిపే వేగం దీనికి సరిపోతుంది.

ట్యాక్సీలుగా ఇన్నోవాలు లక్షల కిలోమీటర్లు తిరిగాయి. దాని వల్ల మనకు ఒక పెద్ద మేలు జరిగింది: ఏ ఊళ్లో ఆగినా దీన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్ ఒకరు ఉంటారు. 2022 దసరాకు ఊరు వెళ్తున్నాం. మన్ననూరు దగ్గర అడవి దారిని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసేస్తారు, అందుకని ఉదయాన్నే బయలుదేరి దారిలో ఒక బంకులో డీజిల్ పోయించాను. సున్నిపెంట దాటాక మీటరు మీద డీజిల్ ఫిల్టరులో నీళ్లు చేరాయని చెప్పే దీపం వెలిగింది, బండి లాగడం తగ్గింది. చుట్టూ అడవి, బండిలో ముగ్గురు పెద్దవాళ్లు. మెల్లగా నడుపుకుంటూ దోర్నాల చేరాను. రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, పాతికేళ్ల కుర్రవాడు. బానెట్ ఎత్తి, ఫిల్టరు అడుగున ఉన్న మర వదులు చేసి, సగానికి కోసిన నీళ్ల సీసా కింద పెట్టాడు. పైన ఉన్న చిన్న పంపును బొటనవేలితో నొక్కుతుంటే సీసాలోకి బొటబొటా కారింది. రెండు నిమిషాలు కదపకుండా ఉంచి నాకు చూపించాడు: పైన పసుపు పచ్చని డీజిల్, అడుగున అంగుళం మందాన నీళ్లు. తప్పు బంకు డీజిల్‌ది, బండిది కాదు. కొత్త ఫిల్టరు ఆ రేకుల షెడ్డులోనే అట్టపెట్టెలో ఉంది. మార్చి, డీజిల్ గొట్టంలో చేరిన గాలి తీసి, స్టార్ట్ చేసి ఇచ్చేసరికి నలభై నిమిషాలు. నాన్న ఆ కుర్రవాడి భుజం తట్టి, తాను తెచ్చుకున్న అరటిపండ్ల గెలలో సగం కోసి ఇచ్చారు. నేను కొత్తగా విడుదలైన ఏదో బండి తీసుకుని ఉంటే ఆ రోజు దోర్నాలలో ఏం చేసేవాణ్నో ఊహించుకోలేను.

మీకూ ఒక సలహా. నీటి దీపం వెలిగితే దాన్ని పట్టించుకోకుండా నడపకండి. ఈ ఇంజిన్‌లో బాగా ఖరీదైన భాగాలు డీజిల్‌ను లోపలికి చిమ్మే ఇంజెక్టర్లు. వాటికి శత్రువు డీజిల్‌లోని నీళ్లూ, మురికీ. ఫిల్టరు సమయానికి మార్చడం కంటే చవకైన బీమా లేదు.

ఇబ్బందులూ చెప్పాలి. ఖాళీగా నడిపితే వెనక భాగం గుంతల్లో ఎగురుతుంది. ఏడుగురు ఎక్కితే సర్దుకుంటుంది. క్లచ్ కాస్త బరువు, ట్రాఫిక్‌లో గంటసేపు నడిపితే ఎడమ మోకాలు గుర్తు చేస్తుంది. మైలేజీ నాకు హైవే మీద 12–13, నగరంలో 9–10. నాలుగున్నర మీటర్లు దాటిన బండి కాబట్టి అపార్ట్‌మెంట్ పార్కింగ్ స్థలం కొలిచి చూసుకోండి. మూడు వరుసలూ వాడితే సామానుకు మిగిలేది కొంచెమే. మేము తిరుగు ప్రయాణంలో చివరి వరుసలో ఒక సీటు పక్కకు మడిచి, అక్కడ రెండు బియ్యం బస్తాలు, వాటి మధ్య దిండ్లు చుట్టిన ఆవకాయ జాడీ పెట్టుకుని వస్తాం. మిగిలిన సీటులో మా చిన్నవాడు జాడీ మీద చేయి వేసి, అది కదలకుండా కాపలా కాస్తూ కూర్చుంటాడు. రోజూ ఆఫీసుకు ఒక్కరే నడపడానికి అయితే మాత్రం ఈ బండి కొనకండి, డబ్బు దండగ. మరొకటి, పాత మోడళ్లలో తక్కువ ధర రకాలకు ఎయిర్‌బ్యాగులు ఉండవు. అవి ఉన్న బండికి కొంచెం ఎక్కువైనా ఇవ్వండి.

కొనేటప్పుడు చూడవలసినవి చాలా ఉన్నాయి, నేను దెబ్బ తినబోయి తప్పించుకున్నవీ, కొన్న తర్వాత తెలుసుకున్నవీ మాత్రం చెబుతాను. బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే వాళ్లు ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజిన్ మొదటిసారి ఎలా అందుకుంటుంది, వెనక ఏ రంగు పొగ వస్తుంది అన్నదే దాని జాతకం. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతోందని అర్థం, అక్కడి నుంచి నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీటరులోని అంకెను నమ్మకండి. పెడళ్ల రబ్బరు, డ్రైవరు సీటు అంచు, స్టీరింగు చూడండి. ఎనభై వేలు తిరిగిందన్న ఒక బండిలో క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది. ఆర్‌సీ చరిత్ర తీయిస్తే అది ట్యాక్సీగా తిరిగి, పసుపు బోర్డు నుంచి తెల్ల బోర్డుకు మారిన బండి. ట్యాక్సీ బండ్లన్నీ చెడ్డవని అనను, కానీ ట్యాక్సీ అని చెప్పి ఆ ధరకు అమ్మాలి.

2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు ఎన్నో బండ్లు మునిగాయి. కడిగి, పాలిష్ పెట్టి అమ్మితే పైకి తెలియదు. సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగండి. ఎవరూ లాగని ఆ చివరి జానెడు పట్టీ మీద బురద గీత ఉండిపోతుంది. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ దగ్గరి ఒండ్రు కూడా అంతే. మునిగిన బండి ఎంత చవకగా వచ్చినా వద్దు, వైరింగు ఏళ్ల తరబడి ఏడిపిస్తుంది.

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015 నుంచి నిషేధం ఉత్తర్వులు నడిచాయి కాబట్టి అక్కడి బండ్లు మన వైపు తక్కువ ధరకు వస్తుంటాయి. అక్కడి రవాణా శాఖ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తెప్పించాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం కలిపి చూస్తే చాలాసార్లు చవకదనం ఆవిరైపోతుంది. పాత అప్పు ఉంటే బ్యాంకు నుంచి తీరినట్టు పత్రం, పెండింగు చలాన్లు, బండిని మీ పేరు మీదికి మార్చే 29, 30 ఫారాలు డబ్బు చేతికి ఇవ్వకముందే చూసుకోండి.

కొన్న వెంటనే ఖర్చుకు ధర మీద కనీసం లక్ష పక్కన పెట్టుకోండి. నాకు నాలుగు టైర్లు, క్లచ్ ప్లేటు, టైమింగ్ బెల్టు, నీళ్ల పంపు కలిపి 85,000 అయింది. టైమింగ్ బెల్టు మాట ముఖ్యం. ఈ ఇంజిన్‌లో ఉన్నది చైన్ కాదు, బెల్టు. అది తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజిన్ పాడవుతుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి, బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని మొదటి వారంలోనే మార్పించేయండి.

ధర గురించి కూడా అడిగారు కదా. కొనేటప్పుడు మనల్ని బాధపెట్టే ధరే అమ్మేటప్పుడు మనకు తిరిగి వస్తుంది. కిందటేడు మా వీధిలో ఒకాయన నా బండికి ఐదు లక్షలు ఇస్తానన్నారు. లక్ష కిలోమీటర్లకు పైగా మా కుటుంబాన్ని మోసిన తర్వాత ఆ మాట వినడం సంతోషమే. ఇవ్వలేదు. 2028లో ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండుతాయి, అప్పుడు ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఇంకో ఐదేళ్లకు పొడిగించుకుంటాను. మా నాన్నకు ఈ మధ్యే మోకాలి ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, కాలు చాచుకుని కూర్చోబెట్టి తీసుకొచ్చాం.

మీ ఇంట్లో నలుగురే అయితే, పెద్దవాళ్లకు ఎక్కడం దిగడం ఇబ్బంది లేకపోతే, కొత్త చిన్న కారే తీసుకోండి, హాయిగా ఉంటుంది. ఆరుగురికి మించితే మాత్రం అమ్మగారినో నాన్నగారినో వెంటబెట్టుకుని బండి చూడటానికి వెళ్లండి. వాళ్లను మధ్య వరుసలో ఒకసారి ఎక్కించి, దింపి చూడండి. చూసిన బండి ఏ సంవత్సరానిది, ఎన్నో యజమాని, ఎంత తిరిగింది రాస్తే ధర సరైనదో కాదో నాకు తెలిసినంతలో చెబుతాను.