స్నేహితులు పండక్కి మా ఊరొస్తామంటున్నారు, ఎలా ఆపాలి?

ప్రశ్న: మేడమ్, మాది వినుకొండ దగ్గర పల్లెటూరు. నాన్నకి ఎరువులు, పురుగుమందుల షాపు. షాపు వెనకే ఇల్లు. ఆ మధ్య నాన్న ఆదివారాలు క్లాసులకి వెళ్లి డీలర్లకిచ్చే ‘దేశీ’ డిప్లొమా తెచ్చుకున్నారు. దాన్ని ఫ్రేము కట్టించి షాపులో పెట్టారు. నేను గుంటూరులో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి, క్యాట్ రాసి ఉత్తరాదిలో ఒక ఐఐఎంలో చేరాను. ఇరవై రెండు లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది. చదువు కష్టమే అయినా నెట్టుకొస్తున్నాను. క్లాసు బయటే ఊపిరాడటం లేదు. జూలైలో క్లబ్బులు, కమిటీల సెలక్షన్లు జరిగాయి. అర్ధరాత్రి దాటాక ఇంటర్వ్యూలు. ఒక్కదాంట్లోనూ తీసుకోలేదు. ప్రతి శనివారం పార్టీ, పుట్టినరోజు ట్రీట్లు, ట్రిప్పులు. నేను తాగను. స్ప్రైట్ గ్లాసు పట్టుకుని నిలబడతాను, బిల్లు మాత్రం అందరితో సమానంగా కడతాను.

మొదటి వారంలో ఎవరో అడిగితే నాన్నది ‘అగ్రి ఇన్‌పుట్స్ డిస్ట్రిబ్యూషన్’ అని చెప్పాను. పెద్ద బిజినెస్ అనుకున్నారు. నేనూ కాదనలేదు. సమ్మర్ ప్లేస్‌మెంట్స్‌లో ఒక బ్యాంకులో ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఆ సంబరంలో అందరం గోవా వెళ్లాం. నా వాటా 14,000. 266 రూపాయల 50 పైసల యూరియా బస్తా అమ్మితే నాన్నకి మిగిలేది పదహారు రూపాయలు. అంటే 875 బస్తాలు. ఆ లెక్క వేసుకుని హోటల్ బాత్రూమ్‌లో ఏడ్చాను. ఉద్యోగం రోజుల నాటి క్రెడిట్ కార్డు మీద ఇప్పుడు 62,000 బాకీ ఉంది, మినిమమ్ కడుతూ వస్తున్నాను. ఒకసారి ప్రాజెక్ట్ ఫీజని చెప్పి నాన్న దగ్గర 20,000 తెప్పించుకున్నాను. ఆయనేమో ఊళ్లో కనిపించిన ప్రతివాళ్లకీ నా గురించే చెప్తారు. ఇప్పుడు ముగ్గురు ఫ్రెండ్స్ సంక్రాంతికి మా ఊరొస్తామని టికెట్లు చూస్తున్నారు. మా బాత్రూమ్ పెరట్లో ఉంటుంది. ఇల్లంతా మందుల వాసన. ఈ మధ్య పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు. లిఫ్ట్ దగ్గర తెలిసినవాళ్లుంటే మెట్లెక్కి వెళ్లిపోతున్నాను. స్నేహం చెడకుండా వీళ్లని ఎలా ఆపాలి?

సలహా: ఆపడమే కావాలంటే అదేం పెద్ద పని కాదమ్మా. ‘పండక్కి ఇల్లంతా చుట్టాలు, ఈసారి కుదరదు’ అని ఒక్క మెసేజ్ పెడితే సరిపోతుంది. సంక్రాంతికి మన ఇళ్లలో అది అబద్ధం కూడా కాదు. కానీ కోర్సు అయ్యాక స్నాతకోత్సవం ఉంటుంది కదా. నువ్వు గౌను వేసుకుని డిగ్రీ అందుకుంటుంటే చూడాలని అమ్మానాన్నా రైలెక్కి వస్తారు. ఊరంతా చెప్పుకుంటున్న మనిషి రాకుండా ఉంటారా? ఆ రోజు ఎవర్ని ఆపుతావు?

పార్టీలు, క్లబ్బులు, గోవా అన్నీ రాశావు గానీ, నిన్ను ఇంతగా అలసగొడుతున్నది దాపరికం. క్యాంపస్‌లో ఇంటిని దాస్తున్నావు, ఇంట్లో క్యాంపస్‌ని దాస్తున్నావు. రెండు చోట్లా ఒక్కదానివే కాపలా. ‘అగ్రి ఇన్‌పుట్స్ డిస్ట్రిబ్యూషన్’ అన్నది అబద్ధం కాదు, కంపెనీలు కూడా మీ నాన్న చేసే పనిని ఆ మాటతోనే రాసుకుంటాయి. అచ్చమైన అబద్ధమైతే నెలలోనే బయటపడి ఆ గొడవ అక్కడితో తీరిపోయేది. సగం నిజం కాబట్టే ఇన్నాళ్లు నిలబడింది.

ముందు కార్డు సంగతి చూద్దాం. మీ ఊళ్లో అప్పు రెండు రూపాయల వడ్డీకి తెచ్చామంటేనే పెద్దవాళ్లు నిట్టూరుస్తారు. క్రెడిట్ కార్డు బాకీ మీద పడేది నెలకి మూడున్నర రూపాయల దాకా ఉంటుంది. 62,000 మీద అది నెలకి రెండు వేల పైమాటే. పైన జీఎస్టీ. మూడు వేల చిల్లర మినిమమ్ కట్టి ఈ నెల గడిచిందనుకుంటున్నావు, అందులో అసలుకి జమయ్యేది ఏ ఐదారు వందలో. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా స్వైప్ చేస్తే వడ్డీ లేని గడువు ఉండదు, చేసిన రోజు నుంచే పడుతుంది. ఇవన్నీ ఫైనాన్స్ క్లాసులో నువ్వు నాకంటే బాగా లెక్క కట్టగలవు. నీ సొంత స్టేట్‌మెంట్ తెరిచి చూడ్డానికే చెయ్యి రాలేదు, అంతే. ఈ రోజే బ్యాంకుకి ఫోన్ చేసి మొత్తం బాకీని ఈఎంఐగా మార్చమను. వడ్డీ బాగా దిగుతుంది. షాపింగ్, ఫుడ్ యాప్‌లన్నిట్లోంచీ ఆ కార్డు నంబరు తీసెయ్. తర్వాత లోన్ శాంక్షన్ లెటర్ తీసి చదువు. ఫీజు, హాస్టల్ కాకుండా ల్యాప్‌టాప్, పుస్తకాలు, ఇతర ఖర్చుల కింద ఇంకా తీసుకోని మొత్తం ఏమైనా ఉందేమో బ్రాంచిలో అడుగు. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో మొదటి రూపాయి ఈ ఈఎంఐకే పోవాలి.

బస్తాల లెక్క మాత్రం ఇంక వెయ్యకు. ఆ లెక్క వల్ల నువ్వు ఒక్క రూపాయైనా ఆపగలిగావా? ఏడ్చావు. ఏడ్చి కళ్లు తుడుచుకుని, ఎవరికీ అనుమానం రాకూడదని మళ్లీ కార్డు తీశావు. ఖర్చు తగ్గించుకోవాలంటే నెలకింత అని ఒక అంకె రాసి పెట్టుకో. బార్ బిల్లుల్లో మందు వేరు, తిండి వేరు అని మొహమాటం లేకుండా చెప్పు. స్ప్రైట్ తాగినవాళ్లు విస్కీ బిల్లు పంచుకోవాలని ఎక్కడా లేదు. ఎందుకు తాగవు అని అడిగితే కారణం చెప్పక్కర్లేదు. చెప్తే దాని మీద చర్చ మొదలవుతుంది.

నాన్న సంగతి దీనికంటే బరువైనది. ఖాతా మీద మందులు తీసుకెళ్లిన రైతులు పంట పోయిన ఏడాది ఏం చేస్తారో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదానివి. ఒకాయన నేరుగా షాపుకొచ్చి బల్ల మీద కూర్చుని ‘ఈసారి మిరపని తామర పురుగు తినేసింది, వచ్చే పంటకి ఇస్తాను’ అంటాడు. ఇంకొకాయన షాపు ముందు నుంచి నడవడమే మానేసి పక్క బజారు చుట్టి పోతాడు. వీళ్లలో మీ నాన్న మళ్లీ ఎవరికి మందు ఇస్తారో నీకు తెలుసు. లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కుతున్న నువ్వు ఇప్పుడు ఆ రెండో ఆయన దారిలో ఉన్నావు.

కాబట్టి ఫోన్ చెయ్. మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు షాపులో గిరాకీ తక్కువ ఉంటుంది, అప్పుడు చెయ్. డొంకతిరుగుడు వద్దు. ‘నాన్నా, కార్డు మీద 62,000 బాకీ ఉంది. ఆ 20,000 ప్రాజెక్టుకి కాదు, నా ఖర్చులకే వాడాను. ఈఎంఐకి మార్పించాను, స్టైపెండ్‌తో తీరుస్తాను’ అని ముందు అంకెలు చెప్పు, ఏడుపు ఏదైనా ఉంటే తర్వాత. డబ్బు పంపమని అడగకు. ఆయన కోప్పడొచ్చు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ రెండు రోజులూ ఓర్చుకో. అమ్మ చేత రాయబారం నడిపించకు, ‘నాకు ముందే ఎందుకు చెప్పలేదు’ అని ఆయన కోపం ఆవిడ మీదకి మళ్లుతుంది.

నీ ఉత్తరంలో ఆ డిప్లొమా మాట దగ్గర నేను కాస్త ఆగాను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ, అదే ‘మేనేజ్’, ఎరువులు, మందుల డీలర్ల కోసం 2003లో మొదలుపెట్టిన కోర్సది. ఏడాది పాటు సాగుతుంది. వారానికో రోజు క్లాసు, మధ్యమధ్య పొలాలకి తీసుకెళ్లి చూపించడం, చివర పరీక్ష. ఆరు రోజులు షాపు నడిపి, ఏడో రోజు సెలవు మానుకుని, ఆ వయసులో బెంచీ మీద కూర్చున్నారు మీ నాన్న. మీ ఇంట్లో మేనేజ్‌మెంట్ సంస్థ మెట్లెక్కిన మొదటి మనిషి నువ్వు కాదన్నమాట. హిందుస్తాన్ యూనిలీవర్ తన మేనేజ్‌మెంట్ ట్రైనీలను కొన్ని వారాలు పల్లెల్లో ఉంచుతుంది. మీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా అక్కడ ఉద్యోగం వస్తే వాళ్లు నేర్చుకోవడానికి వెళ్లేది మీ ఊరులాంటి ఊరికే. అలాగని ఇదంతా తీసుకెళ్లి ఇంటర్వ్యూల్లో ‘మా నాన్న స్ఫూర్తి’ అని కథ చెప్పమనడం లేదు. దొరికిన ప్రతిదాన్నీ సీవీ పాయింటుగా మార్చేసే అలవాటు మీ క్యాంపస్‌లలో బాగా ఎక్కువ. నాన్నని దాచడం ఎంత తప్పో ఆయన్ని పాయింటుగా వాడుకోవడం కూడా నా దృష్టిలో అంతే తప్పు.

క్లబ్బుల గురించి ఎక్కువ బాధపడకు. నిన్ను అర్ధరాత్రి ఇంటర్వ్యూ చేసినవాళ్లు నీకంటే ఒక్క ఏడాది ముందు చేరినవాళ్లు. తమలాగా మాట్లాడేవాళ్లని, తమ జోకులకి నవ్వేవాళ్లని తీసుకుంటారు. హిందీ జోకు అర్థమయ్యేసరికి నీకు క్షణం పడుతుంది, ఆ క్షణంలో ఇంకెవరో నవ్వేస్తారు. దీన్ని నీ తెలివికి వచ్చిన మార్కుగా తీసుకోకు. పీఓఆర్, అంటే క్లబ్బులోనో కమిటీలోనో ఒక పదవి, లేకపోతే కంపెనీల షార్ట్‌లిస్ట్ రాదని జూలైలో భయపెట్టి ఉంటారు. నీకు రాలేదూ? ఇక ముందున్నది పీపీఓ, అంటే ఇంటర్న్‌షిప్ చేసిన చోటే ఇచ్చే ఉద్యోగం. అది ఆ బ్యాంకులో నువ్వు రెండు నెలలు చేసే పని మీద ఉంటుంది. టీముగా ఏదైనా చెయ్యాలని ఉంటే మహీంద్రా వార్ రూమ్, టాటా ఇమాజినేషన్ ఛాలెంజ్‌లాంటి పోటీలున్నాయి, వాటికి ఏ క్లబ్బు ముద్రా అక్కర్లేదు. ఏమీ చెయ్యాలని లేకపోతే సాయంత్రం బ్యాడ్మింటన్ ఆడుకో. సీవీలో రాయడానికి పనికిరానిది వారంలో ఒక్కటైనా చెయ్యి.

ఇప్పుడు ఫ్రెండ్స్ సంగతి. ముగ్గురికీ ఒకేసారి చెప్పకు, అది ప్రెస్‌మీట్‌లా ఉంటుంది. ముగ్గురిలో నీకు కాస్త చనువున్న అమ్మాయితో మెస్సు నుంచి హాస్టల్‌కి నడిచేటప్పుడు చెప్పు. ‘మా నాన్నకి ఊళ్లో ఎరువుల షాపు. దాని వెనకే ఇల్లు. మొదట్లో చెప్పడానికి మొహమాటపడ్డాను. గోవా నా బడ్జెట్‌కి మించిపోయింది, ఇకపై ట్రిప్పులకి రాలేను.’ ఇంతే. సారీ అక్కర్లేదు, సంజాయిషీ అక్కర్లేదు. మిగతా ఇద్దరికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది, హాస్టల్ కదా. ఒకరెవరో దూరం జరగొచ్చు. జరగరని నేను మాటివ్వలేను. కానీ ఫీజు ఇరవై లక్షలు దాటిన చోట లోన్ తెచ్చుకున్నది నువ్వొక్కదానివే అయ్యుండవు. ‘నేనూ రాలేను’ అనే ధైర్యం ఇంకెవరికైనా వస్తే ఆశ్చర్యపోకు.

ఇదంతా చెప్పాక కూడా వస్తామంటే, ముందు అమ్మని అడుగు. పండగ వంటలు, చుట్టాలు, పైన ముగ్గురు అతిథులు, చాకిరీ అంతా ఆవిడదే కదా. ఆవిడ సరేనంటేనే రమ్మను. బాత్రూమ్ పెరట్లో ఉందనీ, రాత్రి టార్చి పట్టుకుని వెళ్లాలనీ వాళ్లకి టికెట్ తీసుకోకముందే చెప్పు. అది పరువు విషయం కాదు, సౌకర్యం విషయం. కోటప్పకొండ ఎక్కించు. గుంటూరు మిర్చి యార్డు చూడాలని సరదాపడితే పండక్కి రెండు, మూడు రోజుల ముందే రమ్మను, తర్వాత యార్డుకి సెలవులిచ్చేస్తారు. మిరప కారానికి తుమ్ములొస్తాయి, రుమాళ్లు తెచ్చుకోమను. ఈ ఏడాది వద్దనిపిస్తే అదీ తప్పు కాదు. నిజం చెప్పాక వద్దనడానికీ, దాచడం కోసం వద్దనడానికీ చాలా తేడా ఉంది.

పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదని రాశావు. దీన్ని టెన్షన్ అనుకుని వదిలెయ్యొద్దు. ఈ వారమే మీ క్యాంపస్ కౌన్సెలర్‌ని కలువు. అక్కడ ఎవరైనా చూస్తారని ఇబ్బందిగా ఉంటే 14416కి ఫోన్ చెయ్. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఎంత రాత్రయినా ఆ నంబరుకి చెయ్యి, హాస్టల్‌లో పక్క గది తలుపు కొట్టు.

ఇంకొక్క పని మిగిలింది. చాలా ఐఐఎంలలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్పులు ఉంటాయి. నువ్వు దాని ఊసే ఎత్తలేదంటే, అప్లై చేస్తే నలుగురికీ తెలిసిపోతుందని భయపడ్డావేమో అనిపించింది. స్టూడెంట్ అఫైర్స్ ఆఫీసులో అడుగు, గడువు దాటితే రెండో ఏడాదికైనా పెట్టుకో. అలాగే 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఉంది. ఏడాది ఆదాయం ఎనిమిది లక్షల లోపున్న కుటుంబాల పిల్లలకి పది లక్షల వరకు అప్పు మీద, చదువుకునే కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. నీ లోన్ దాని కిందకి వస్తుందో లేదో బ్యాంకులో కనుక్కో. వీటికి ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలి. అది నువ్వు అక్కడ కూర్చుని తెచ్చుకోలేవు, నాన్నే గ్రామ సచివాలయానికి వెళ్లి తీయించాలి. దేనికని అడుగుతారు. పండగ దగ్గరపడితే అక్కడ పనులు ఆలస్యమవుతాయి, అందుకని ఆ ఫోనేదో ఈ వారంలోనే చేసెయ్.