మోడలింగ్ వచ్చు, లెక్కలంటే టెన్షన్: డిజైన్ స్పెషలైజేషన్ తీసుకోవచ్చా?

క్యాడ్‌లో (కంప్యూటర్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో) గేర్‌బాక్స్ షాఫ్ట్ బాగా గీశానని, మెషిన్ డిజైన్ లెక్కలంటేనే భయమని, అయినా డిజైన్ స్పెషలైజేషన్ తీసుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా తీసుకోండి. కాకపోతే మోడలింగ్ ఒక్కటే డిజైన్ అనుకోవద్దు.

మీ షాఫ్ట్‌నే చూడండి. వ్యాసం 30 నుంచి 25 మిల్లీమీటర్లకు తగ్గే మెట్టు దగ్గర మూల పదునుగా వదిలేసినా స్క్రీన్ మీద లోపమేమీ కనిపించదు. కానీ స్ట్రెస్ (లోహం లోపలి ఒత్తిడి) పోగయ్యేది అక్కడే. బెండింగ్ (వంచే) లోడ్ మీద తిరిగే షాఫ్ట్‌లో ప్రతి చుట్టుకీ ఆ చోటు ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. మామూలు లెక్కలో స్ట్రెస్ ఈల్డ్ పరిమితిలోపే (లోహం శాశ్వతంగా సాగిపోయే స్థాయికి లోపే) ఉన్నా సన్నని పగులు మొదలై, చివరికి షాఫ్ట్ ఫటుక్కున విరుగుతుంది. అక్కడ ఎంత ఫిల్లెట్ రేడియస్ (మూలను గుండ్రం చేసే వంపు) ఇవ్వాలో తేల్చేవి మీరు భయపడుతున్న ఆ లెక్కలే!

ముందు బెండింగ్, టార్షన్ (మెలితిప్పే లోడ్) మళ్లీ చదవండి, ఆ తర్వాత ఫెటీగ్, అంటే పదేపదే పడే లోడ్‌కి లోహం అలసి విరగడం. భాగాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి స్ట్రెస్ లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌కి అప్పుడే తొందరపడొద్దు. పదును మూల దగ్గర మెష్ (ఆ ముక్కల వల) సన్నం చేసేకొద్దీ అది చూపించే స్ట్రెస్ పెరుగుతూనే పోతుంది. చేత్తో వేసిన లెక్క పక్కన లేకపోతే ఏ అంకె నమ్మాలో తెలియదు.

టాలరెన్సులు (కొలతలో అనుమతించే తేడాలు) కూడా వదలకండి. 25 హెచ్7 రంధ్రమంటే 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మైక్రోమీటర్ పట్టుకుని కొలిస్తేనే ఆ తేడా ఎంత చిన్నదో అర్థమవుతుంది.

మీ షాఫ్ట్ మీద లోడ్ ఎంతో, ఏ స్టీలో రాయండి. మెట్టు దగ్గర లెక్క కలిసి వేద్దాం.