నియోబియం కేవిటీకి టిగ్ అతుకు సరిపోతుందా?

నియోబియం కేవిటీ అంటే పార్టికల్ యాక్సిలరేటర్లో కణాల వేగం పెంచే బోలు లోహపు గది; గిన్నెల్లాంటి సగం ముక్కలను (హాఫ్ సెల్స్) అతికించి చేస్తారు. బెంగళూరు పీణ్యాలో టైటానియం పనికి వాడే ఆర్గాన్ గ్లోవ్ బాక్సులోనే ఆ నియోబియం హాఫ్ సెల్స్‌ని టిగ్‌తో (టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ ఆర్క్‌తో చేసే వెల్డింగ్) అతికించొచ్చా అని అడిగారు. వద్దండి. అతుకు గట్టిగానే రావచ్చు, లీకూ ఉండకపోవచ్చు. అయినా ఆ కేవిటీ నుంచి కణాలను తోసే మంచి ఫీల్డ్ (విద్యుత్ క్షేత్రం) రాదు.

నియోబియం 2,477 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది గానీ, ఎర్రగా కాలకముందే ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్‌లను పీల్చడం మొదలుపెడుతుంది. ఆర్గాన్‌లో మిగిలిన కాస్త తేమ చాలు, ఆర్‌ఆర్‌ఆర్ (గది వేడిమిలోని విద్యుత్ నిరోధానికీ అతిశీతలంలోని నిరోధానికీ నిష్పత్తి) పడిపోవడానికి. 300 ఉన్న రేకు కొన్నా అతుకు దగ్గర ఆ విలువ నిలవదు. కేవిటీ పనిచేసే 2 కెల్విన్‌లో అక్కడ పుట్టిన వేడి చుట్టూ ఉన్న ద్రవ హీలియంలోకి సరిగా పోదు. అయస్కాంత క్షేత్రం బలంగా ఉండేది కూడా ఈక్వేటర్ (సెల్ నడుమ వెడల్పైన చోటు) దగ్గరే, అంటే సరిగ్గా మీరు అతుకు వేసే చోటే. క్వెంచ్ (సూపర్‌కండక్టివిటీ హఠాత్తుగా పోవడం) అక్కడే వస్తుంది.

కాబట్టి ఎలక్ట్రాన్ బీమ్ వెల్డింగే (ఎలక్ట్రాన్ల పుంజంతో కరిగించి అతికించడం) చేయించండి, చాంబర్లో 5×10⁻⁵ మిల్లీబార్ కన్నా మెరుగైన వాక్యూమ్‌లో. జాబ్ ఇచ్చే ముందు ఒక ప్రశ్న తప్పక అడగండి: ఇదే చాంబర్లో ఈమధ్య ఏం వెల్డ్ చేశారు? ఇత్తడి పెట్టి ఉంటే జింక్ గోడలకు అంటుకుని ఉంటుంది. శుభ్రం చేయకుండా మీ ముక్క పెట్టనివ్వకండి.

అంచులు మెషీన్ చేశాక జిడ్డు తీసి, కొన్ని గంటలు శుద్ధజలంలో నానబెట్టండి. తుప్పు చుక్క కనిపిస్తే స్టీలు పనిముట్టు నుంచి ఇనుము అంటిందని అర్థం. తర్వాత హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్, ఫాస్ఫారిక్ ఆమ్లాలు 1:1:2 పాళ్లలో కలిపి, దాంతో పైపొరను 20 మైక్రాన్ల వరకు తీయాలి. ఆమ్లం 15 డిగ్రీలు దాటితే లోహంలోకి హైడ్రోజన్ ఎక్కుతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒంటిమీద పడితే రాసే మందు) చేతికందేలా లేకపోతే ఆ సీసా మూతే తీయకండి. కడిగి, క్లీన్‌రూమ్‌లో (గాలిలో దుమ్ము బాగా తగ్గించిన గది) ఆరబెట్టి, అదే రోజు వెల్డ్ చేయించండి.

తొమ్మిది సెల్స్ కేవిటీలో ముందు ఐరిస్ (సెల్ సన్నని మెడ) దగ్గర అతుకులతో 8 డంబెల్స్ (రెండేసి హాఫ్ సెల్స్ జతలు) చేసుకుంటారు, ఆపైన 9 ఈక్వేటర్ అతుకులు. ఈక్వేటర్‌ని లోపలి నుంచి అందుకోలేం కనుక, ముందు టాక్ (అక్కడక్కడ చిన్న అతుకు) వేసి, బీమ్‌ని కాస్త డీఫోకస్ చేసి బయటినుంచే పూర్తిగా లోపలిదాకా కరిగించాలి. లోపలి పూస నున్నగా ఉండాలి. కష్టమంతా ఇక్కడే. అంచుల మధ్య సందు ఉన్నా, మందం ఒకచోట తగ్గినా చిల్లు పడుతుంది. తొమ్మిదో అతుకులో పడితే ముందు ఎనిమిదింటి శ్రమా పోయినట్టే. అసలు రేకు నుంచే కోసిన నమూనా రింగుల మీద బీమ్ కరెంటు, వేగం ఖాయం చేసుకోండి. ఎంత కుదించుకుంటుందో కూడా వాటి మీదే కొలిచి, ఆ మేరకు అంచు పొడవు వదలండి. అయ్యాక చేయి పెట్టగలిగేంత చల్లారేదాకా చాంబర్లోకి గాలి వదలొద్దు.

కేవిటీకీ కేవిటీకీ మధ్య మాత్రం అతుకు వద్దు, బోల్టులతో బిగించే ఫ్లాంజే. నియోబియం మెత్తన, ఫ్లాంజ్‌ల మధ్య పెట్టే గాస్కెట్ చేసే ఒత్తిడికి ఆగదు, అందుకే నియోబియం-టైటానియం ఫ్లాంజ్, షట్కోణపు కోత ఉన్న అల్యూమినియం మిశ్రమం గాస్కెట్ వాడతారు. ఈ పని ఐఎస్‌ఓ 4 క్లీన్‌రూమ్‌లో చేయాలి. స్టీలు బోల్టుకు స్టీలు నట్టే వేస్తే మరలు ఒరుసుకుని పొడి రాలుతుంది, రాగి మిశ్రమం నట్టు వేయండి. ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి.