ఆ గది తాళం తీయించాల్సింది మీవారే

ప్రశ్న: మేం సింహాచలం కొండ దిగువన అడవివరంలో, మామగారు కట్టించిన ఇంట్లో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు. మామగారు వీలునామా రాయకుండానే పోయారు. ఆయనకు ఇద్దరే కొడుకులు. అత్తగారు మా దగ్గరే ఉంటారు. మా సమస్య సాలెపురుగులు. కాళ్లు చాచితే అరచేయంత ఉంటాయి. ఒకటైతే పొట్ట కింద తెల్లటి బిళ్లలాంటిది పట్టుకుని వంటింటి గోడ మీద కనిపించింది. అన్నీ వెనక గది తలుపు కింది సందులోంచే వస్తున్నాయి. హుద్‌హుద్ తుపాను తరువాత మా బావగారు హైదరాబాద్ వెళ్లిపోతూ ఆ గదిలో సామాను పెట్టి తాళం వేసుకున్నారు. సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగితే, ‘దాని జోలికి వెళ్లకండి’ అన్నారు. మావారు ‘సరే అన్నయ్యా’ అన్నారు. రెండుసార్లు మందు కొట్టించినా లాభం లేదు. సాలీడు శివభక్తురాలు, చంపకూడదని అత్తగారు అంటారు. ఈమధ్య ఆమె నడుముకు ఒకవైపు బొబ్బలు లేస్తే సాలీడు పాకిందన్నారు, పసరు రాశాం. ఇంకా గట్టి మందు ఏదైనా ఉందా? పిల్లలను తీసుకుని కొన్నాళ్లు విజయనగరంలో మా పుట్టింటికి వెళ్లిపోనా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: గట్టి మందు వద్దు. పుట్టింటికి వెళ్లడమూ వద్దు. సాలీళ్లకు భయపడి కోడలు ఇల్లు వదిలిందంటే ఆ గదికి తాళం శాశ్వతంగా పడిపోతుంది.

ముందు సాలీళ్ల సంగతి. మీరు చూసినది గూడు అల్లి కాచుకుని ఉండే రకం కాదు. రాత్రిపూట తిరుగుతూ బొద్దింకలను వెంటాడి పట్టుకునే రకం. ఒళ్లు పలచగా, బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి తలుపు కింద వేలెడు సందు కూడా అక్కర్లేదు. పొట్ట కింద పట్టుకున్న ఆ తెల్లటి బిళ్ల గుడ్ల సంచి. అందులో వందకు పైగా గుడ్లు ఉండవచ్చు. పిల్లలయ్యేదాకా తల్లి దాన్ని వదలదు. చేత్తో నలిపితే కరుస్తుంది, నొప్పి పుడుతుంది, మామూలుగా ప్రాణానికి ముప్పు ఉండదు. మనిషిని చూస్తే పారిపోయేదే తప్ప మీదికి వచ్చేది కాదు. మందు నేరుగా దాని ఒంటిమీద పడకపోతే పెద్దగా పనిచేయదు. తిండి ఉన్నచోటికి అది వస్తూనే ఉంటుంది. ఆ తిండి ఎక్కడుందో మీకు తెలుసు. ఇన్నేళ్లుగా గాలి ఆడని గదిలో అట్టపెట్టెలూ పరుపులూ ఉంటే బొద్దింకలు ఉండవా? సముద్రపు తేమ ఉన్న ఊరు మనది.

అత్తగారి బొబ్బల గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అదే ఎక్కువ దిగులు పుట్టించింది. నడుముకు ఒకే పక్కన పట్టీలా బొబ్బలు లేచి మంట పెట్టిందంటే అది చాలావరకు సర్పి అయి ఉంటుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన ఆటలమ్మ వైరస్ నరాల్లో నిద్రపోయి, వయసు మీద పడ్డాక మళ్లీ లేస్తుంది. సాలీడుకూ దానికీ సంబంధం లేదు. మచ్చలు కనిపించిన 72 గంటల్లోపు మందులు మొదలుపెడితే మంచిది. ఆ గడువు దాటిపోయినా డాక్టరుకు చూపించండి, తరువాత నెలల తరబడి నరాల నొప్పి మిగలకుండా చూసుకోవాలి. పసరు ఆపేయండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం నిండా సాలీళ్లే ఉన్నా, నా చూపు ఆగిపోయింది ‘సరే అన్నయ్యా’ అన్న దగ్గర. 2014లో పెట్టిన సామాను. అప్పటి నుంచి పండక్కి వచ్చి వెళ్తున్న అన్నగారు తల్లి ఉన్న ఇంట్లో ఒక గదికి తాళం వేసి, తాళం చెవి జేబులో పెట్టుకుని వెళ్తుంటే, తమ్ముడు ఆ గడప ముందు చీపురు ఆపుకుని తిరిగి వస్తున్నాడు. దీన్ని గౌరవం అనుకుంటున్నారు మీవారు. నేను అనుకోను. తండ్రి తరువాత అన్నే తండ్రి అంటాం. మంచి మాటే. కానీ ఆ స్థానం కావాలనుకునేవారు తల్లి నడుముకు బొబ్బలు లేచినప్పుడు పక్కన ఉండాలి, కనీసం ఫోను చేసి అడగాలి. రాత్రి లేచి మంచినీళ్లు ఇచ్చిన మీకు ఆ గది ముందు నోరు లేకపోవడం నాకు కష్టంగా ఉంది.

బావగారు చెడ్డవారని నేను అనడం లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన ఆలోచించలేదు, అంతే కావచ్చు. లేదా ఆ తాళం ఇంట్లో తన వాటాకు గుర్తు అనుకుంటూ ఉండవచ్చు. అదే అయితే ఆయన భయపడనక్కర్లేదు. ఇల్లు మామగారి స్వార్జితమై, వీలునామా లేకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ పిల్లలకూ సమానంగా వస్తుంది. మీ అత్తగారికీ మూడో వంతు ఉంది. సామాను అక్కడ లేకపోయినంత మాత్రాన ఎవరి హక్కూ పోదు. అలాగని వాటాల మాట ఇప్పుడే ఎత్తకండి. గది శుభ్రం చేయడానికి కోర్టు అక్కర్లేదు.

మీరు అడగడం అయిపోయింది, జవాబూ వచ్చింది. ఇకపై మీరు అడగకూడదు. తమ్ముడి భార్య అడిగితే అది గొడవ అవుతుంది, తమ్ముడు అడిగితే మాట అవుతుంది. అత్తగారి చేత చెప్పించే ఆలోచన కూడా మానుకోండి. ఇద్దరు కొడుకుల మధ్య ఆ తల్లిని నిలబెట్టవద్దు. మీవారితో ఒక సాయంత్రం పిల్లలు పడుకున్నాక ఒక్క విషయమే మాట్లాడండి. సాలీళ్ల మాట తెస్తే ఆయన బూజు కర్ర తెచ్చి ఊరుకుంటారు. ‘మీ అన్నగారి ముందు నాకు ఈ ఇంట్లో చోటు ఉందా’ అని అడగండి. ఆయన కోపం తెచ్చుకున్నా సరే, అడగండి.

చందనోత్సవానికి బావగారు ఎలాగూ వస్తారు కాబట్టి, ఆ మరునాడు గది తెరుద్దామని ఆయనతో ముందే చెప్పాలి. ‘నీ సామాను నువ్వే చూసుకో అన్నయ్యా, కావలసినవి తీసుకెళ్లు, మిగతావి అమ్మేద్దాం, అమ్మకు ఆ గది కావాలి’ అంటే ఎంత పెద్ద అన్నయినా కాదనలేడు. తెరిచే రోజున పిల్లలను పొరుగింట్లో ఉంచండి. కొండ దాపు ఇల్లు కాబట్టి తేళ్లు కూడా ఉండవచ్చు, అందరూ బూట్లు వేసుకుని, పెట్టెలను కర్రతో కదిపి తీయండి. సాలీళ్ల విషయంలో మీ అత్తగారి మాటే వినండి. శ్రీకాళహస్తిలో సాలీడుకు మోక్షమిచ్చిన స్వామిని కొలిచే మనిషి ఆవిడ. ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కింద అట్ట దూర్చి, ప్రహరీ అవతల వదిలేయండి. తరువాత కిటికీకి జాలీ, తలుపు కింద రబ్బరు పట్టీ వేయిస్తే చాలు.

బావగారికి ఫోను ఈ ఆదివారమే వెళ్లాలి, మీవారే చేయాలి. మీరు పక్కన కూర్చోండి. మధ్యలో ఆయన తడబడినా ఫోను మాత్రం అందుకోకండి.