అరవై మంది ఆఫీసుకు ఏ న్యాట్? నా మాట విని ప్యాట్ పెట్టండి

అరవై మంది ఆఫీసు, చేతిలో నాలుగు పబ్లిక్ ఐపీలు. ఆఫీసు లోపలి అడ్రసులను బయటి పబ్లిక్ ఐపీలుగా మార్చే పద్ధతే న్యాట్. అందులో స్టాటిక్ (ఒక మెషీన్‌కి ఒక ఐపీ శాశ్వతంగా), డైనమిక్ (ముందు వచ్చిన మెషీన్‌కి పూల్‌లోంచి ఒక్కో ఐపీ), ప్యాట్ (ఒకే ఐపీని పోర్టు నంబర్లతో అందరూ పంచుకోవడం), వీటిలో ఏది పెట్టాలని అడిగారు. అందరికీ ప్యాట్ పెట్టండి. డైనమిక్ పూల్ జోలికే వెళ్లకండి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల కంపెనీలో నెట్‌వర్క్ చూసేవాణ్ణి. కొత్త లీజ్డ్ లైన్ (ఆఫీసుకే ప్రత్యేకంగా ఇచ్చే నెట్ లైన్)తో ఎనిమిది అడ్రసుల బ్లాకు వచ్చింది. నెట్‌వర్క్‌కీ బ్రాడ్‌కాస్ట్‌కీ రెండు, ప్రొవైడర్‌కి ఒకటి, మా రౌటర్‌కి ఒకటి పోగా మిగిలినవి నాలుగు. వెండార్ పంపిన ఇంజనీరు ఆ నాలుగింటినీ పూల్‌గా పెట్టి, తన ల్యాప్‌టాప్‌లో నెట్ రాగానే సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. ఈ 'నాకు వచ్చింది కదా' టెస్టింగ్ వల్ల ఎన్ని ఆఫీసులు ఇబ్బంది పడ్డాయో!

సోమవారం పొద్దున పెందలాడే వచ్చిన స్టోర్స్ అబ్బాయికీ రిసెప్షన్ అమ్మాయికీ నెట్ ఉంది. మిగతా ఎవరికీ లేదు. బిల్లింగ్‌లో ఈ-వే బిల్లు తీయలేక, లోడెత్తిన లారీ గేటు దగ్గరే ఆగిపోయింది. ఓనరు గారు వచ్చి నా కుర్చీ వెనకే నిలబడ్డారు. ఆ టెన్షన్‌లో కేబుళ్లు మార్చాను, స్విచ్ రీస్టార్ట్ చేశాను. చివరికి సిస్కో రౌటర్‌లో, ఏ మెషీన్‌కి ఏ ఐపీ వెళ్లిందో చూపే ట్రాన్స్‌లేషన్ టేబుల్ తెరిస్తే కనిపించినవి నాలుగే ఐపీలు. రెండు వాళ్లిద్దరివి. మిగతా రెండూ సీసీ కెమెరాల డీవీఆర్, వేలిముద్రల మెషీన్. రాత్రంతా ఆన్‌లో ఉండేవి కాబట్టి ముందే పట్టేసుకున్నాయి. పైగా అలాంటి ఎంట్రీ, వాడకం ఆగినా 24 గంటల దాకా పోదు.

ఎంట్రీలన్నీ క్లియర్ చేసి, కమాండ్ చివర 'ఓవర్‌లోడ్' అనే ఒక్క మాట చేర్చాను. ప్యాట్ అంటే అదే. నిమిషంలో అందరికీ నెట్ వచ్చింది. ఏ కనెక్షన్ ఎవరిదో గుర్తుపట్టే పోర్టు నంబర్లు ఒక్కో ఐపీకి 65,536 ఉంటాయి. ఒక్క ఐపీ వెనక అరవై మంది హాయిగా పని చేసుకోవచ్చు.

స్టాటిక్ అంటారా, బయటివాళ్లు చేరాల్సిన సర్వర్‌కే, అదీ కావలసిన పోర్టు వరకే ఇవ్వండి. అకౌంట్స్ సర్వర్‌ని మొత్తంగా పబ్లిక్ ఐపీకి కట్టేసి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టు తెరిచి పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఇంటి నుంచి పని చేయడానికి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) ఉంది కదా!

బ్యాకప్‌కి మామూలు బ్రాడ్‌బ్యాండ్ తీసుకుంటుంటే రౌటర్‌లో వ్యాన్ (బయటి వైపు) అడ్రసు చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే ప్రొవైడర్ దగ్గరే ఇంకో న్యాట్ ఉన్నట్టు. మీరెన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా బయటినుంచి ఎవరూ లోపలికి రాలేరు. పబ్లిక్ స్టాటిక్ ఐపీ ఇస్తామని కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.